కొండ కొస లేని ఫొటోలు

ఆకులు పండే ఆ కాసిని రోజులూ మా ఇంట్లో ఎవరికీ కుదురుండదు. ఎవరికీ అంటే ఉన్నది ఇద్దరమే, నేనూ మా ఆయన ఐలీవూ. ఆయన కాలుకాలిన పిల్లిలా కిటికీకీ వాకిలికీ మధ్య తిరుగుతుంటాడు. ఆ తిరుగుడు చూసి నాకు తిక్క రేగుతుంది. బస్సు నడిపినన్నాళ్ళూ స్టీరింగు ముందు బండరాయిలా కూర్చున్న మనిషి, రిటైరై కెమెరా పట్టుకున్నాక సెప్టెంబరు వచ్చిందంటే కుర్చీలో వీపు ఆన్చడు.

ఆయన్ని అని లాభం లేదు. మా లోయకి ఈ రంగులు చుట్టపుచూపుగా వస్తాయి. ముందు కొండమీద మోకాలెత్తు బర్చ్ పొదలు ఎర్రబడతాయి. తర్వాత కింద పెద్ద బర్చ్ చెట్లు పసుపు పూసుకుంటాయి. చూద్దాంలే అనుకునేలోపు ఒక్క పెద్దగాలి వీస్తుంది, తెల్లారేసరికి అన్నీ మోడులు. ఐలీవ్ కోరికేమిటంటే కొండ నెత్తిన తొలిమంచు పడాలి, కింద ఆకు రాలకుండా ఉండాలి, కొలనులో నీరు గడ్డకట్టకుండా ఉండాలి. ఆ మూడూ ఒకే ఉదయాన దొరకాలి. ఏటా ఏదో ఒకటి తప్పిపోయేది. ఏటా ఆ శీతాకాలమంతా దాని గురించి నేను వినాల్సి వచ్చేది.

ఆ శనివారం పొద్దున్నే ఆయన లోపలి బనియన్ల మీదే వాకిట్లోకి పరిగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చాడు.

"తూరిద్! పైన మంచు పడింది!"

"అయితే తలుపెయ్యి. ఇల్లంతా చలి."

"కింద ఆకు ఒక్కటి రాలలేదే. ఇవాళే. ఇవాళ తప్పితే మళ్ళీ ఎప్పుడో."

"మధ్యాహ్నానికి గాలి తిరుగుతుందని నార్వే మొత్తానికీ చెప్పాడు టీవీలో. నీ ఒక్కడికే వినపడలేదా?"

"మధ్యాహ్నానికి కదా. ఈలోగా వచ్చేస్తాను. ఏం వండుతున్నావ్?"

"గొర్రెమాంసం, క్యాబేజీ."

"అయితే ఇంకా ముందే వస్తాను."

ఫ్లాస్కులో కాఫీ పోసుకున్నాడు. రొట్టెముక్కల మీద గోధుమరంగు జున్ను పరిచి కాగితంలో చుట్టుకున్నాడు. ముక్కాలి స్టాండు సంచికి కట్టుకున్నాడు. నేను అడగాల్సింది అడిగాను.

"ఎక్కడికి?"

"స్టూర్‌హో కొండ వైపు" అన్నాడు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, నా మొహం చూడకుండా.

అది అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. కొండకెళ్ళేవాడు ఎక్కడికెళ్తున్నాడో ఇంట్లో చెప్పి వెళ్ళాలని మాకు బళ్ళో అక్షరాలతోపాటే నేర్పిస్తారు. దారిలో ఉండే గుడిసెల గోడలమీద కూడా రాసి ఉంటుంది. మేం ఆ నియమాన్ని ఎన్నడూ తప్పం. వెళ్ళేముందు తప్పకుండా చెబుతాం. చెప్పేది మాత్రం అబద్ధం.

దీనికంతటికీ మూలం మూల్తె పళ్ళు. ఆగస్టులో కొండమీది చిత్తడి నేలల్లో పండుతాయి, మొక్కకి ఒక్కటే పండు, తేనెరంగులో. ఏ చిత్తడిలో కాస్తాయో తెలిసినవాళ్ళు పీక మీద కత్తి పెట్టినా చెప్పరు. అన్న తమ్ముడికి చెప్పడు, పెళ్ళాం మొగుడికి చెప్పదు. మా అమ్మమ్మ తన చోటు మా అమ్మకి చెప్పింది. మా అమ్మ నాకు ఆస్పత్రి మంచం మీద చెప్పింది, అదీ నర్సు గదిలోంచి బయటికి వెళ్ళేదాకా ఆగి. నేను ఐలీవ్‌కి చెప్పలేదు. ఆయనా తనకో చోటుందని, చనిపోయిన బాబాయి చూపించాడని అంటూ ఏటా ఒక బకెట్టు పళ్ళు తెచ్చేవాడు. నా బకెట్టుతో పోల్చి ఆయన్ని ఏడిపించేదాన్ని. "మీ బాబాయి చిత్తడి ఆవిరైపోతోందిలే" అనేదాన్ని.

ఆ రోగాన్ని ఐలీవ్ ఫొటోలకి కూడా అంటించుకున్నాడు. తన స్టాండు పక్కన ఇంకెవడో వచ్చి స్టాండు పెడతాడని ఆయన భయం. అందుకని ఆయన తీసిన ఏ ఫొటోలోనూ కొండ కొస ఉండదు. కొస కనబడితే చాలు, అది ఏ కొండో, ఎటు నుంచి తీశాడో మా ఊళ్ళో పసిపిల్లలు కూడా చెప్పేస్తారు. మా నడవా గోడనిండా అలాంటి ఫొటోలే. ఎర్రపొదలు, పసుపు చెట్లు, ఇంత నీరు, పైన టక్కున తెగిపోయిన కొండలు. దుమ్ము దులపడమే తప్ప నేను వాటిని ఏనాడూ చూసింది లేదు. తల తెగిన బొమ్మల్లో ఏం చూస్తాం?

కారు వెళ్ళిపోయాక నేను మాంసమూ క్యాబేజీ పొరలుపొరలుగా పేర్చి, మిరియాలు చల్లి, సన్నసెగ మీద పెట్టి, అల్లిక పట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ప్రశాంతంగా ఉన్నాను. ఆయన స్టూర్‌హోకి వెళ్ళలేదని తెలుసు, ఎక్కడికెళ్ళాడో తెలియదు. తెలియనిచోట మనిషి జారి పడుతున్నట్టు ఊహించుకోలేం కదా. స్వెట్టరుకి ఒక చెయ్యి పూర్తిగా అల్లేశాను.

మధ్యాహ్నం గాలి తిరిగింది. ముందు కొండ నెత్తి పోయింది, తర్వాత నడుము పోయింది, ఆ తర్వాత మా పెరటి కంచె కూడా పొగమంచులో కలిసిపోయింది. కూర ఉడికింది. పొయ్యి ఆపాను. మళ్ళీ వెలిగించాను. ఆయన ఫోనుకి చేస్తే ఎవరో ఆడగొంతు, అందుబాటులో లేరని మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకి నాకు ఒళ్ళు మండింది. కొండ వెనక ఫోన్లు పలకవు, అది నాకూ తెలుసు. అయినా మళ్ళీ మళ్ళీ చేశాను. వాకిట్లోకి వెళ్ళాను, వచ్చాను. అల్లిక పట్టుకుంటే వేళ్ళు ఆడలేదు. ఇప్పుడు కాలుకాలిన పిల్లి వంతు నాది.

గొర్రెమాంసం వండిన రోజు ఐలీవ్ ఆలస్యం చేసే మనిషి కాడు.

మా లోయలో కొండమీద తప్పిపోయినవాళ్ళని వెతికే దళం ఒకటి ఉంది, అందరూ ఊరివాళ్ళే. దానికి పెద్ద యూరున్, మా పక్కింటామె. యూరున్‌కి ఫోన్ చెయ్యడం కంటే మంచునీళ్ళలో దిగడం నాకు తేలిక. ఎందుకంటే కొన్నేళ్ళుగా నా చిత్తడిలో పళ్ళు నాకంటే ముందు ఎవరో కోసుకుపోతున్నారు. పొదల మధ్య బూటు గుర్తులుండేవి. అది యూరునే అని నాకు గట్టి నమ్మకం. ఒకసారి కొట్లో అందరి ముందూ, "ఇంకొకరి అమ్మలు సంపాదించిన చోట్లు కూడా కొందరు వదలరు" అన్నాను. యూరున్ మొహం తిప్పుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకున్నాను. అప్పటినుంచీ మా మధ్య నమస్కారం తప్ప కాఫీ లేదు.

అయినా ఫోన్ చేశాను. ఆమె రెండు నిమిషాల్లో దళం ఎర్రచొక్కా తొడుక్కుని మా వంటింట్లో ఉంది.

"ఎక్కడికెళ్తానన్నాడు?"

"స్టూర్‌హో వైపు."

"అంటే స్టూర్‌హో కాదన్నమాట" అంది యూరున్. నవ్వలేదు. ఫోను తీసి ఎవరితోనో, "హల్వార్, ముగ్గుర్ని స్టూర్‌హో దారిలో పంపు. అవును, నాకూ తెలుసు, అక్కడ ఉండడు. చెప్పినచోటు ముందు చూడాలి కదా. ఐలీవ్ కారు కనబడిందా?" అంది.

హల్వార్ గొర్రెలు కాసుకునేవాడు, ఆ రోజే మంద దించుకొచ్చి ఇంకా బూట్లయినా విప్పలేదట. కారు పాత పశువుల పాకల దగ్గరి మైదానంలోనే ఉందన్నాడు. ఆ మాటతో తేలిందేమీ లేదు. అక్కణ్ణుంచి అన్ని కొండలకీ దారులున్నాయి. కారుని బట్టి చోటు పట్టేస్తారని మా లోయలో అందరూ అక్కడే పెడతారు.

"చీకటి పడ్డాక ఈ పొగమంచులో హెలికాప్టరు రాదు, తూరిద్. పైన గాలికి తడి తోడైంది. కదలకుండా పడి ఉంటే ఆ వయసులో మనిషి ఈ రాత్రి దాటడం కష్టం. నీకు అబద్ధం చెప్పలేను" అంది యూరున్. "ఎక్కడ ఫొటోలు తీస్తాడో నీకేమన్నా తెలుసా?"

"నాకా? నాకు చెబుతాడా?"

"తీసినవి ఉన్నాయా?"

నేను నడవా వైపు చెయ్యి చూపించాను. యూరున్ వెళ్ళి గోడమీది ఫ్రేములు ఒక్కొక్కటే తీసుకొచ్చి వంటింటి బల్లమీద పరిచింది. కాఫీ కప్పులు పక్కకి తోశాం. ఇద్దరం వంగి చూశాం. నా ఇంట్లో, నా గోడమీద ఉన్న ఆ ఫొటోల్ని నేను మొదటిసారి చూడటం అప్పుడే.

"ఇవన్నీ ఒకే చోటే. చూడు, ఈ పడిపోయిన చెట్టు దీన్లోనూ ఉంది, దీన్లోనూ ఉంది. ఒక ఏడు ఎక్కువ ఎరుపు, ఒక ఏడు తక్కువ. అంతే తేడా" అంది యూరున్.

తెల్లగా ఎండిపోయిన దేవదారు మాను ఒకటి, పడుకున్న ఆవులా. దాని వెనక చిన్న కొలను. కొలను చుట్టూ నెత్తురు చిందినట్టు పొదలు. నాకు ఏదో తెలిసినట్టే ఉంది, తెలియనట్టే ఉంది. నేనక్కడికి వెళ్ళేది ఆగస్టులో. అప్పుడంతా పచ్చగా ఉంటుంది. కోటు మార్చుకున్న మనిషిని వెంటనే గుర్తుపట్టలేనట్టయింది నా పరిస్థితి. అప్పుడు చివరి ఫ్రేములో, అంచున, రొట్టెని మధ్యకి విరిచినట్టు చీలిన రాయి కనబడింది.

ఆ రాయిమీద కూర్చుని కాఫీ తాగేదాన్నని మా అమ్మ చెప్పింది. అది నా చిత్తడిలో రాయి.

నేను యూరున్ మొహం చూశాను. దొంగ అయితే ఆ రాయి చూసి కళ్ళు తిప్పుకోవాలి. ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఫ్రేముని దీపం కిందకి జరిపి, రాయిని వేలితో తట్టి, "ఇదేదో గుర్తుపట్టగలిగిన రాయే. కానీ నేను నా జన్మలో చూళ్ళేదు. నువ్వు చూశావా?" అంది. ఆ మొహంలో అబద్ధం లేదు.

నేను వెంటనే జవాబు చెప్పాననుకుంటే పొరపాటు. ఒక గుక్క కాఫీ మింగేంతసేపు నేను నోరు తెరవలేదు. మా అమ్మమ్మ, మా అమ్మ, ఆస్పత్రి గది, బయటికి వెళ్తున్న నర్సు వీపు, అన్నీ అడ్డం పడ్డాయి. మొగుడు అక్కడ చలిలో పడున్నాడు, నేనిక్కడ పళ్ళ గురించి ఆలోచిస్తున్నాను. నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపించింది.

"తెలుసు. నేను తీసుకెళ్తాను" అన్నాను.

"మ్యాపులో చూపించు చాలు. నువ్వు ఇంట్లో ఉండు."

"నాకు మ్యాపులో తెలియదు. కాళ్ళకి తెలుసు."

యూరున్ నా మొహంలోకి చూసింది. ఆమెకి అర్థమైపోయింది. మా లోయలో ఒక ఆడమనిషి చోటు తెలుసుగానీ మ్యాపులో తెలియదు అందంటే అది ఏమి చోటో ఇంకొకరికి వివరించక్కర్లేదు. ఆమె నా బూట్లు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

పాకల దగ్గర హల్వార్, ఇంకో ఇద్దరు స్ట్రెచరు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. హల్వార్ నన్ను చూసి, "ఏం తూరిద్, గొర్రెల్ని దించడం అయిపోయింది, ఇక మొగుళ్ళని దించాలా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు. భయమేస్తే అతనికి నోరు ఊరుకోదు.

పొగమంచులో ఎవరికైనా ముందు మనిషి వీపు తప్ప ఏమీ కనబడట్లేదు, అందరికంటే ముందున్న నాకు అదీ లేదు. మా అమ్మ నాకు దారి చెప్పినప్పుడు కొండలూ గుర్తులూ చెప్పలేదు, చెవికి చెప్పింది. "బాట వాగుని రెండోసారి దాటినచోట బాట వదిలెయ్యి. వాగు చప్పుడు ఎడమచెవిలో ఉంచుకుని పో. చప్పుడు రెండుగా చీలినచోట పైకెక్కు. చప్పుడు ఆగిపోయిన చోట నువ్వున్నట్టే" అంది. అందువల్ల పొగమంచు నన్నేమీ చెయ్యలేకపోయింది. నేను ముందు, నా వెనక వాళ్ళు. నా ప్రతి అడుగూ వెనక నలుగురికి కంఠతా వచ్చేస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆగలేదు. ఇంకా త్వరగా నడిచాను.

ఆ తొందరలో కూడా ఒకటి చెప్పాలి. నేలంతా రంగు. పొగమంచు తెల్లగా కప్పేసిన కొద్దీ కాళ్ళ దగ్గరి ఎరుపు ఇంకా ఎర్రగా కనబడుతోంది. పొదలమీద మంచు నలుసులు ఉప్పు చల్లినట్టు పడుతున్నాయి. ఐలీవ్ చచ్చేంతగా కోరుకున్నది ఇదే కాబోలు. ఎంత బాగుందో, అంత కోపమొచ్చింది నాకు దానిమీద. నా మనిషిని మింగి ఇంత అందంగా ఎలా ఉండగలుగుతోంది?

వాగు చప్పుడు రెండుగా చీలింది. ఎక్కాం. చప్పుడు ఆగిపోయింది.

"ఐలీవ్!" అని అరిచాను. పొగమంచు నా గొంతుని మింగేసింది. అందరం అరిచాం. హల్వార్ గొర్రెల్ని పిలిచే కూత వేశాడు. ఏమీ లేదు. చీకటి కూడా అంచులనుంచి రావడం మొదలైంది. నేను తప్పుచోటికి తీసుకొచ్చానేమో, ఆయన ఇవాళ ఇంకెక్కడికో వెళ్ళాడేమో, ఉన్న కాస్త వెలుగూ నా మూలంగా వృథా అయిందేమో అనుకుంటూనే మళ్ళీ అరిచాను.

అప్పుడు వినబడింది. టక్. టక్. రాయిమీద ఇనుము కొట్టిన చప్పుడు.

చీలిన రాయికి వీపు ఆన్చి, రెండు కాళ్ళూ చాపి, ఆపదకని వెంట ఉంచుకునే పడకసంచిలో చంకలదాకా దూరి, ముక్కాలి స్టాండుతో రాయిని కొడుతూ ఉన్నాడు మా ఆయన. పెదాలు నీలంగా ఉన్నాయి. కెమెరా మాత్రం కోటు లోపల, వెచ్చగా.

"తూరిద్?" అన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. "నువ్వెలా వచ్చావిక్కడికి?"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. కోపమే ముందు బయటపడింది.

"నడిచి!"

"అది కాదే... ఈ చోటు ఎవరికీ తెలీదు."

"మా అమ్మకి తెలుసు. వాళ్ళమ్మకీ తెలుసు. నువ్వు ఆనుకున్నది మా అమ్మ కాఫీ రాయి. నీకెలా తెలుసు, ముందది చెప్పు!"

"ఒక ఏడు... వెలుగు బాగుందని దాని వెంట పడ్డాను. ఇక్కడ తేలాను."

"ఆగస్టులో మీ బాబాయి చిత్తడిలో కోశానని తెచ్చే బకెట్టు?"

ఐలీవ్ కళ్ళు మూసుకున్నాడు. "చలేస్తోంది తూరిద్" అన్నాడు నీరసంగా.

హల్వార్ పకాలున నవ్వాడు. స్ట్రెచరు పట్టుకున్నవాళ్ళు మొహాలు అటు తిప్పుకున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా పళ్ళు కోసి, నా ఇంటికే తెచ్చి, నా చేతే జామ్ చేయించి తినిపించాడు. నేనేమో పక్కింటామెతో కాఫీ తాగడం మానేశాను.

యూరున్ మోకాళ్ళమీద కూర్చుని ఆయన విరిగిన చీలమండకి కర్రలు కడుతోంది. తలెత్తకుండానే అంది, "అంటే ఇన్నాళ్ళూ ఆ దొంగని నేననుకున్నావా?"

నేను ఐలీవ్ మెడచుట్టూ నా మఫ్లరు బిగించాను.

"అందుకేనా కొట్లో ఆ మాట? నేనేమో నీకు ఆరోగ్యం బాలేక చిరాగ్గా ఉన్నావనుకున్నాను. మొహం మీద అడిగితే బాధపడతావని ఊరుకున్నాను."

"తప్పయింది యూరున్" అన్నాను. ఆ పొగమంచులో, అంతమంది ముందు, గట్టిగానే అన్నాను.

"ముందు ఆ కాలు పట్టుకో. కదలనివ్వకు" అంది.

దిగేటప్పుడు పూర్తిగా చీకటి పడింది. తలదీపాల వెలుగులో పొగమంచు గోడలా నిలబడింది. నేను ఐలీవ్ చెయ్యి వదల్లేదు. ఆయన ఒకటే గొణుగుడు, ఫొటో దొరికిందట, మంచూ ఆకూ నీరూ మూడూ పడ్డాయట, ఆ సంతోషంలో వెనక్కి అడుగేసి రాళ్ళ సందులో పడ్డాడట. "నోర్మూసుకో" అన్నాను. నోరు మూసుకుంటే భయమేసి, "మాట్లాడు, మాట్లాడుతూ ఉండు" అన్నాను.

పాకలు దగ్గరపడ్డాక నేను ఉండబట్టలేక ఆగాను. "మీరందరూ ఇవాళ చూసిందీ..." అని మొదలుపెట్టాను.

"ఏం చూశాం?" అంది యూరున్. "నాకు హల్వార్ వీపు తప్ప ఏమీ కనబడలేదు."

"నాకయితే కుడేదో ఎడమేదో తెలియలేదు" అన్నాడు హల్వార్. "ఇంతకీ మనం వెళ్ళింది స్టూర్‌హోకే కదా?"

"స్టూర్‌హోకే" అన్నారు మిగతా ఇద్దరూ.

అక్కడ నేను ఏడ్చాను. ఎవరూ చూడనట్టు నటించారు, అది మా వాళ్ళకి బాగా చేతనవును.

శీతాకాలమంతా ఐలీవ్ కాలు కట్టుతో ఇంట్లో ఉన్నాడు. ఆగస్టులో నేను ఒక్కదాన్నే నా చిత్తడికి వెళ్ళాను, ఎవరైనా ముందే వచ్చారేమోనని భయపడుతూ. బూటు గుర్తు ఒక్కటి లేదు. ఎన్నేళ్ళుగానో చూడనంత పంట. మొదటి బకెట్టు తీసుకెళ్ళి యూరున్ వంటింటి బల్లమీద పెట్టాను.

"అబ్బో! ఎక్కడివి?" అంది.

"స్టూర్‌హో వైపు."

"కాఫీ పెడతాను, కూర్చో" అంది. కూర్చున్నాను.

మళ్ళీ సెప్టెంబరు వచ్చింది. మళ్ళీ కిటికీ, వాకిలి, తిరుగుడు. ఒకరోజు ఫ్లాస్కు నింపుకుంటుంటే అలవాటుకొద్దీ అడిగాను, "ఎక్కడికి?"

ఆయన బూట్ల తాళ్ళు వదిలి నా మొహంలోకి చూశాడు. చూసి, నిజం చెప్పాడు. ఏ బాట, ఎక్కడ వదులుతాడు, కొలను ఏ ఒడ్డున నిలబడతాడు, ఏ రాళ్ళు జారతాయి, అన్నీ. పెళ్ళయినప్పటినుంచీ ఆయన నాకు చెప్పిన మొదటి దారి అది. నాకు సంతోషమే వేసింది. గేటుదాకా వెళ్ళి చెయ్యి ఊపాను.

లోపలికొచ్చి అల్లిక పట్టుకున్నాను. ఒక వరస కూడా సాగలేదు. ఇప్పుడు వాగు దాటుతుంటాడు. ఇప్పుడు ఆ జారే రాళ్ళమీద ఉంటాడు. ఇప్పుడు ఫొటో బాగా కుదిరి వెనక్కి అడుగేస్తుంటాడు. అబద్ధం విన్నన్నాళ్ళూ చేతులకి చేతులు అల్లేసిన మనిషిని, నిజం విన్నాక కుర్చీలో నిలవలేకపోయాను. అల్లిక విసిరేసి బూట్లు తొడుక్కున్నాను.

నేను చేరేసరికి ఆయన చీలిన రాయి ముందు స్టాండు పెట్టుకుని వంగి ఉన్నాడు. ఎండ. గాలి లేదు. ఎర్రపొదలు, పసుపు చెట్లు, వాటి మీదుగా తెల్లటి నెత్తితో కొండ మొత్తం, కొసతో సహా. నేను రొప్పుతూ వెళ్ళి రాయిమీద కూలబడ్డాను.

"తప్పుకోవే, ఫొటోలో పడుతున్నావ్" అన్నాడు.

"పడనీ."

గొణిగాడు. లెన్సు అటూ ఇటూ తిప్పాడు. ఆఖరికి నొక్కేశాడు.

ఆ ఫొటో ఇప్పుడు మా నడవాలో ఉంది. రాయిమీద ఎర్రకోటులో నేను, మొహం చిట్లించుకుని. నా వెనక కొండ, కొస ఆకాశంలోకి పొడుచుకొచ్చి. దాన్ని మేకుకి తగిలిస్తున్నప్పుడు చూసి లబోదిబోమన్నాను.

"కొస కత్తిరించలేదేం? వచ్చినవాళ్ళందరికీ చోటు తెలిసిపోదూ!"

"తెలియనీ" అన్నాడు, ఫ్రేము వంకర సరిచేస్తూ. "ఈసారి నన్ను వెతకాల్సి వస్తే నువ్వు అంతసేపు బల్లమీద వంగి చూడక్కర్లేదు."

యూరున్ చెప్పి ఉంటుంది. ఆ ఒక్క గుక్క కాఫీ సంగతి కూడా ఆయనకి తెలుసో లేదో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

"వెతకడానికి నేను రాను" అన్నాను. గొంతు నాకే కోపంగా వినబడింది. "పక్కనే ఉంటాను. రేపు ఎన్నింటికి బయల్దేరుతున్నాం, అది చెప్పు."